వసంతాకాశము: నక్షత్ర గుచ్ఛములు, గెలాక్సీలు
(పంచాయతీ సభ్యుల కొక పాఠము)

పంచాయతీ సభ్యులకు నక్షత్రములతో పనియేమి యని చదువరులు ప్రశ్నింపవచ్చును. మంచినీరు, బాట, బడి, మురుగు కాలువ, వీథి దీపము: ఇవి గదా సభలో చర్చకు వచ్చు విషయములు. ఈ వరుసలోని చివరి మాటయే ఈ పాఠమునకు మూలము. గ్రామమున వీథి దీపములు ఎచ్చట నుండవలెనో, ఎట్టివై యుండవలెనో నిర్ణయించు బాధ్యత పంచాయతీది. ఆ నిర్ణయముతో పాటు, మన యూరి పిల్లలు రాత్రివేళ తల యెత్తి ఏమి చూడగలరో అదియు నిర్ణయమై పోవుచున్నది. కావున మొదట ఆకాశమున ఏమున్నదో తెలిసికొందము. పిమ్మట దీపముల మాట విచారింతము.

వరంగల్లు ప్రాంతమున ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు ఆకాశము చాల వరకు నిర్మలముగ నుండును. చలి తగ్గి, వానలు ఇంకను రాని ఈ కాలము రాత్రులందు ఆరుబయట కూర్చుండుటకు అనువైనది. ఇట్టి రాత్రులందే ఆకాశము తన అతి దూరపు ద్వారమును మనకు తెరచి చూపును.

కార్తెలు తెలిసిన వానికి ఆకాశము క్రొత్త కాదు

మన రైతునకు నక్షత్రముల పేర్లు ఒకరు నేర్పవలసిన పనిలేదు. కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి: ఇవి యన్నియు కార్తెల పేర్లు. సూర్యుడు ఏ నక్షత్రము చెంత నున్నట్లు లెక్కకు వచ్చునో ఆ పదుమూడు పదునాలుగు దినములను ఆ నక్షత్రపు కార్తె యందుము. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. కాని ఆ కార్తెలో రోహిణి నక్షత్రము మనకు కనబడదు. అది సూర్యునితో పాటు పగటివేళ ఆకాశమున నుండును.

అయినచో రోహిణిని ఎప్పుడు చూడవలెను? మార్చి నెలాఖరున రాత్రి 8 గంటలకు పడమటి దిక్కున చూడవలెను. అప్పుడు దిగువన కృత్తికయు, దానిపైన ఎఱ్ఱని రోహిణియు, అంతకు పైన మృగశిర, ఆరుద్రలును, నడినెత్తికి చేరువగా పునర్వసు, పుష్యములును, తూర్పున మఖయు కనబడును. సూర్యుడు రాబోవు నెలలలో ఈ నక్షత్రములను క్రిందినుండి పైకి ఒక్కొక్కటిగా చేరుకొనును. అనగా ఉగాది నాటి సాయంకాలమున పడమటినుండి తూర్పు వరకు నిలిచిన నక్షత్రముల వరుస రానున్న సేద్యపు కాలపు వరుసయే. కార్తెలు తెలిసిన రైతు ఈ వరుసను ఒక్క రాత్రిలో గుర్తుపట్టగలడు. ఇక ముందు చెప్పబోవు గుచ్ఛములకును గెలాక్సీలకును ఈ నక్షత్రములే మైలురాళ్ళు.

ఆకాశమున దూరమును కొలుచుటకు ఒక తేలిక పద్ధతి కలదు. చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో ఆ పిడికిలి వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. పిల్లవాని పిడికిలి చిన్నది, చేయియు పొట్టిది. కావున ఈ కొలత అందరికిని ఒక్కటియే. వరంగల్లు భూమధ్యరేఖకు ఉత్తరమున 18 డిగ్రీల అక్షాంశమున నున్నది. అందుచే ఇచ్చట ధ్రువ నక్షత్రము ఉత్తర దిక్కున నేలకు సుమారు రెండు పిడికిళ్ళ ఎత్తున నిలిచి యుండును.

ఒకే కాన్పు నక్షత్రములు

నక్షత్రములు ఒంటరిగా పుట్టవు. విశాలమైన వాయు మేఘము ముద్దకట్టి, ఒకేసారి వందలకొలది నక్షత్రములుగా విడివడును. ఇట్లు కలిసి పుట్టి, కలిసి పయనించు నక్షత్రముల గుంపునే నక్షత్ర గుచ్ఛ మందురు. ఒక నారుమడిలో మొలచిన మొలకల వలె ఇవి యన్నియు ఒకే వయస్సువి. కాలక్రమమున ఇవి చెదరి దూరమగును.

కృత్తిక అట్టి గుచ్ఛము. సాధారణమైన కంటికి ఆరు చుక్కలు కనబడును. నిజమునకు అందు వేయికి పైగా నక్షత్రములు కలవు. దాని వయస్సు సుమారు పది కోట్ల ఏండ్లు. సూర్యుని వయస్సు 460 కోట్ల ఏండ్లు గనుక కృత్తిక నక్షత్రములు పసిబిడ్డల వంటివి.

ఇచట దూరముల లెక్కను గూర్చి ఒక మాట. కాంతి సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అది ఒక సంవత్సరమున పోవు దూరమును కాంతి సంవత్సర మందురు. అది దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. కృత్తిక మనకు సుమారు 440 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. నేడు మన కంటికి సోకు కృత్తిక కాంతి, 1591లో హైదరాబాదు నగరము నిర్మింపబడుటకు కొలది ఏండ్లు ముందుగా అచ్చటినుండి బయలుదేరినది.

రోహిణి చుట్టును గల చిన్న చుక్కల గుంపు మరియొక గుచ్ఛము. అది సుమారు 150 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. రోహిణి నక్షత్రము మాత్రము ఆ గుంపులోనిది కాదు. అది మధ్యదారిలో, సుమారు 65 కాంతి సంవత్సరముల దూరమున నిలిచి, ఆ గుంపులోనిదే యనిపించును. 1959లో షాద్‌నగరమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమందు పంచాయతీరాజ్ వ్యవస్థ ఆరంభమైన దినములలో రోహిణినుండి బయలుదేరిన కాంతి ఇంచుమించు మన కాలమునకే భూమిని చేరినది.

ఇక వసంతమునకు ప్రత్యేకమైనది పుష్యమి గుచ్ఛము. పునర్వసు జంట నక్షత్రములకును మఖకును సరిగా నడుమ చూడుడు. మార్చి నెలాఖరున రాత్రి 8 గంటలు దాటిన వెంటనే అది వరంగల్లు వాసులకు దాదాపు నడినెత్తిన నుండును. చంద్రుడు లేని చీకటిలో అచ్చట పలుచని పాలమరక వంటి వెలుగు కనబడును. 1609, 1610 సంవత్సరములందు గెలీలియో దూరదర్శినిని దానివైపు త్రిప్పగా ఆ మరక సుమారు 40 విడి నక్షత్రములుగా తేలినది. నేటి లెక్క ప్రకారము అందు వేయి వరకు నక్షత్రములు కలవు. అది పూర్ణచంద్ర బింబమునకు మూడింతల వెడల్పుగ నుండుటచే దానిని చూచుటకు పెద్ద దూరదర్శిని కంటె సాధారణమైన బైనాక్యులరే మేలు. తేనెపట్టు చుట్టు మూగిన యీగల వలె నక్షత్రములు మెఱయును. దాని దూరము సుమారు 600 కాంతి సంవత్సరములు. 1323లో కాకతీయ రాజ్యము అంతరించిన పిమ్మట ఇంచుమించు నూరేండ్లకు బయలుదేరిన కాంతి అది.

గెలాక్సీలు వసంతముననే ఏల కనబడును?

ఇంతవరకు చెప్పిన నక్షత్రములన్నియు, మన సూర్యుడును, ఒకే మహా సమూహమునకు చెందినవి. దానినే పాలపుంత యందుము. అందు పదివేల కోట్లకు తక్కువ కాకుండ నక్షత్రములు కలవు. దాని ఆకారము జొన్నరొట్టె వలె పలుచనిది. వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరములు, మందము అందు నూరవ వంతు మాత్రమే. ఇట్టి నక్షత్ర మహా సమూహమునే గెలాక్సీ యందురు. పాలపుంత ఒక గెలాక్సీ. దాని వెలుపల ఇట్టివి కోట్లకొలది కలవు. నూరేండ్ల క్రిందటి వరకు ఈ సంగతి పండితులకును నిశ్చయముగ తెలియదు. 1920లో అమెరికాలో దీనిపై గొప్ప చర్చ జరిగినది. 1923, 1924 సంవత్సరములందు ఎడ్విన్ హబుల్ అను శాస్త్రజ్ఞుడు ఆండ్రొమెడా గెలాక్సీ దూరమును కొలిచి, అది పాలపుంతకు వెలుపలిదని తేల్చెను.

మొక్కజొన్న చేను ఏపుగా పెరిగినపుడు దాని నడుమ నిలిచి చూడుడు. నలుదిక్కుల కంకులును ఆకులును తప్ప వేరేమియు కనబడదు. తల పైకెత్తినచో అడ్డులేక ఆకాశము కనబడును. మన స్థితియు అట్టిదే. జొన్నరొట్టె మందములో మనమున్నాము. వేసవి చివరను, వానకాలమునను రాత్రివేళ మన చూపు రొట్టె పొడవునకు ప్రసరించును. నక్షత్రములును ధూళి మేఘములును వెలుపలి లోకమును కప్పివేయును. చైత్ర వైశాఖములందు రాత్రి మొదటి జాములలో మన చూపు రొట్టె తలము మీదుగా నిట్టనిలువుగా వెలుపలికి పోవును. అందుచేతనే ఈ ఋతువున సింహ, కన్యా రాశులయందు గెలాక్సీలు గుంపులుగా కనబడును. ఆ దిక్కున ఆకాశము నక్షత్రములు తక్కువై ఖాళీగా నున్నట్లు తోచును. ఆ ఖాళీయే కిటికీ.

ఎక్కడ చూడవలెను?

ఏప్రిలు నెలాఖరున రాత్రి 10 గంటలకు నడినెత్తిన చూడుడు. అచ్చటికి కొంచెము పడమరగా ప్రకాశించు చుక్క ఉత్తర నక్షత్రము. దానినుండి ఈశాన్యముగా పిడికిలిన్నర దూరమున వెదజల్లిన నూకల వలె సన్నని చుక్కలు కనబడును. అది కోమా గుచ్ఛము. దాని దూరము సుమారు 280 కాంతి సంవత్సరములు. మీ యూరి నుండి అది కంటితోనే కనబడినచో మీ ఆకాశము ఇంకను మంచిదని గ్రహింపవలెను.

ఉత్తర నక్షత్రమునకు తూర్పుగా ఒక పిడికిలి దూరమున కన్యారాశి గెలాక్సీ గుంపు కలదు. అందు వేయికి పైగా గెలాక్సీలున్నవి. 1781 మార్చి 18వ తేదీన ఫ్రాన్సు దేశపు మెస్సియే అను ఖగోళజ్ఞుడు ఒక్క రాత్రిలో ఇందు ఎనిమిదింటిని చూచి తన పట్టికకు ఎక్కించెను. అందొకటి ఎం-87. దాని దూరము ఐదు కోట్ల కాంతి సంవత్సరములకు పైన. తెలంగాణపు పశ్చిమ భాగమందలి నల్లరేగడి నేలలకు మూలమైన దక్కను లావా సుమారు 6.6 కోట్ల ఏండ్ల క్రిందట పొంగి ప్రవహించినది. ఆ లావా చల్లారి రాయియైన పిమ్మట కోటి ఏండ్లకు ఆ గెలాక్సీనుండి బయలుదేరిన కాంతి నేడు మన యూరి మైదానమున పడుచున్నది. ఎం-87 నడుమ 650 కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలము కలదు. మానవులు మొట్టమొదట చిత్రింపగలిగిన కృష్ణబిలము అదియే. ఆ చిత్రము 2019 ఏప్రిలు 10వ తేదీన ప్రకటింపబడినది.

ఉత్తరమున సప్తర్షి మండలము వివాహ సమయమున వధూవరులకు అరుంధతిని చూపు మన వారికి తెలిసినదే. వసిష్ఠుని ప్రక్కనున్న చిన్న చుక్క అరుంధతి. ఆ ఏడింటిలో పులస్త్యునినుండి క్రతువునకు గీత గీచి, అంత దూరమే ముందునకు పోయినచో ఎం-81, ఎం-82 అను జంట గెలాక్సీలు చిక్కును. వీని దూరము సుమారు కోటి ఇరువది లక్షల కాంతి సంవత్సరములు. మిక్కిలి చీకటిగల చోట మంచి బైనాక్యులరుతోనే వీనిని పట్టవచ్చును. తోక చివరనున్న మరీచికి చేరువలో, రెండు వ్రేళ్ళ వెడల్పు దూరమున సుడిగుండము వంటి ఎం-51 కలదు. సింహరాశిలో పుబ్బ నక్షత్రములు రెండింటిలో దక్షిణపు దానికి కొంచెము దిగువను ఎం-65, ఎం-66 అను మరియొక జంట యున్నది. వీనికి ఆరంగుళముల అద్దము గల దూరదర్శిని యుక్తము.

చూచువారు ముందుగనే ఒక సంగతి తెలిసికొనవలెను. పత్రికలలోని రంగుల బొమ్మలు కంటికి కనబడవు. గెలాక్సీ కంటికి బూడిద వన్నె మరక వలె, అద్దముపై ఊదిన ఆవిరి వలె కనబడును. దానివంక సూటిగా చూడక చూపును కొంచెము ప్రక్కకు త్రిప్పినచో అది స్పష్టపడును. కంటి అంచు భాగమునకు మసక వెలుగును పట్టు శక్తి యెక్కువ.

దక్షిణమున నొక మహా గుచ్ఛము

వేరొక జాతి గుచ్ఛములు కలవు. వీనిని గోళాకార గుచ్ఛము లందురు. కృత్తిక వలె ఇవి పసివి కావు. పాలపుంతలో అతి ప్రాచీనమైన నక్షత్రములు వీనియందున్నవి. ఇందు అన్నింటికంటె గొప్పది ఒమేగా సెంటారి. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలీనా ద్వీపమునుండి చూచి, అది వట్టి నక్షత్రము కాదని గుర్తించెను. అందు సుమారు కోటి నక్షత్రములు కలవు. వాని వయస్సు ఇంచుమించు 1,200 కోట్ల ఏండ్లు. దూరము 17,000 కాంతి సంవత్సరములు.

ఐరోపా దేశములలో చాల చోట్ల ఇది కనబడనే కనబడదు. మన దేశము దక్షిణమున నుండుటచే మనకీ భాగ్యము కలిగినది. చిత్త నక్షత్రము సరిగా దక్షిణ దిశకు వచ్చినపుడు, దానినుండి నిట్టనిలువుగా మూడున్నర పిడికిళ్ళు క్రిందికి దిగుడు. నేలకు రెండున్నర పిడికిళ్ళ ఎత్తున మసక చుక్క కనబడును. ఏప్రిలు నెలాఖరున రాత్రి 11 గంటలకును, మే నెలాఖరున 9 గంటలకును ఇది ఈ స్థానమున నుండును. చిత్తను గుర్తించుటకు సప్తర్షుల తోక వంపును పొడిగించిన చాలును: మొదట స్వాతి, తరువాత చిత్త. పాకాల వంటి పెద్ద చెరువునకు ఉత్తరపు గట్టున నిలిచినవారికి, దక్షిణమున చెట్లు గాని దీపములు గాని అడ్డురాక, నీటి మీదుగా ఇది చక్కగా చిక్కును.

పల్లె చీకటిని వెదకికొని వచ్చిన శాస్త్రము

మన ప్రాంతమున ఖగోళ పరిశోధన క్రొత్త కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో సొంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. అదియే నిజామియా వేధశాల. తరువాత అది బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆకాశమునంతను ఫొటో పలకలపై పటముగ గీయవలెనని 1887లో పారిసు నగరమున ఆరంభమైన ప్రపంచ ప్రయత్నమున ఈ వేధశాల పాలుగొన్నది. దక్షిణ 17 డిగ్రీలనుండి 23 డిగ్రీల వరకుగల పట్టీని మొదట స్వీకరించిన దక్షిణ అమెరికా వేధశాల పూర్తి చేయలేకపోగా ఆ భారము హైదరాబాదుకు వచ్చినది. ఇచ్చటివారు లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచి సంపుటములుగా ప్రకటించిరి.

తరువాత 48 అంగుళముల అద్దము గల పెద్ద దూరదర్శినిని తెప్పించినపుడు దానిని బేగంపేటలో నిలుపలేదు. నగర దీపములకు దూరముగా చీకటిగల చోటు కావలసి వచ్చినది. ఇప్పటి రంగారెడ్డి జిల్లాలోని జపాల్, రంగాపురము అను పల్లెల నడుమనున్న గుట్టపై 1968 ప్రాంతమున దానిని ప్రతిష్ఠించిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున శాస్త్రజ్ఞులు అచ్చటికి చేరిరి. ఆలోచింపుడు: నగరమున ధనము కలదు, విద్య కలదు, యంత్రములు కలవు. లేనిది చీకటి. దానికొరకు విశ్వవిద్యాలయము పల్లెకు రావలసి వచ్చినది.

గెలాక్సీకి దీపమే తెర

కృత్తికను పట్టణములోనుండియు కొంత వరకు చూడవచ్చును. నక్షత్రము బిందువు గనుక దాని వెలుగు ఒకచోట కేంద్రీకృతమై యుండును. గెలాక్సీ వెలుగు పలుచగా పరచుకొని యుండును. ఆకాశమే వెలుగుచున్నచో గెలాక్సీ అందు కలిసిపోవును. పెద్ద దూరదర్శిని తెచ్చినను లాభము లేదు. అది గెలాక్సీతో పాటు దాని వెనుకనున్న దీపకాంతిని కూడ పెంచి చూపును. డబ్బుతో దూరదర్శినిని కొనవచ్చును, చీకటిని కొనలేము.

మంచి చీకటిగల పల్లెలో ఒకేసారి రెండు మూడు వేల నక్షత్రములను కంటితో చూడవచ్చును. పెద్ద నగరము నడుమ లెక్కింపదగినన్ని మాత్రమే మిగులును. 2016లో ప్రచురితమైన ప్రపంచ కృత్రిమ కాంతి పటము ప్రకారము మానవులలో మూడవ వంతునకు పైగా జనులు తమ నివాసములనుండి పాలపుంతను చూడజాలకున్నారు. వరంగల్లు, హనుమకొండ, కాజీపేటల కాంతి పరిసర గ్రామములకు ఆకాశపు ఒక అంచును ఇదివరకే వెలిగించుచున్నది. అదనముగా మన దీపములు కూడ ఆకాశమువైపు చూచినచో రెండవ అంచును మనమే మూసికొన్న వారమగుదుము.

కొందరు సభ్యులు వెంటనే ఆక్షేపింతురు: “దీపములు తీసివేసినచో దొంగల భయము, పాముల భయము, ఆడవారు రాత్రివేళ నడచుట ఎట్లు?” ఈ ఆక్షేపణ న్యాయమైనది. ఈ పాఠము దీపమును ఆర్పుమని చెప్పుటలేదు. దీపపు ముఖమును క్రిందికి త్రిప్పుమని చెప్పుచున్నది. స్తంభముపై వాలుగా బిగించిన దీపము తన వెలుగులో కొంత ఆకాశమునకు, కొంత ఎదుటివాని కన్నులకు పంపును. కన్నులు జిగేలుమన్నపుడు చెట్టునీడలో నిలిచిన మనిషి కనబడడు; బాటపై పాము కనబడదు. పైన మూత కలిగి, నేలపైననే వెలుగు పడు దీపము తక్కువ విద్యుత్తుతోనే బాటను ఎక్కువ చక్కగా చూపును. అనగా నడచువారి క్షేమమునకును ఆకాశమునకును విరోధము లేదు. రెండింటికిని కావలసినది ఒకే దీపము.

పైరు మాట కూడ కలదు. పత్తి, మిరప చేలలో పురుగుల రెక్కల తల్లులను పట్టుటకు రైతులు దీపపు ఎరలు పెట్టుట మనమెరిగినదే. మూత లేని వీథి దీపము రాత్రియంతయు వెలుగు దీపపు ఎర వంటిదే. దానియొద్దకు పైరునకు చేటు చేయు పురుగే కాక మేలు చేయు పురుగును వచ్చి నశించును.

పంచాయతీ చేయదగిన పనులు

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామ వీథుల దీపముల ఏర్పాటు గ్రామ పంచాయతీ బాధ్యతలలో నొకటి. దీపములు మార్చు సమయమున సభ్యులు ఈ నాలుగు సంగతులు విచారింపవలెను.

ఒకటి: దీపము నేలకు సమాంతరముగా, ముఖము క్రిందికి ఉండునట్లు బిగింపవలెను. ఇందులకు అదనపు వ్యయము స్వల్పము. బిగించునపుడు శ్రద్ధయే ముఖ్యము.

రెండు: అవసరమైనంత వెలుగే పెట్టవలెను. సన్నని సందునకు పెద్ద రోడ్డు దీపము వలదు.

మూడు: ఎల్.ఇ.డి. దీపములలో నీలి తెలుపు కాంతికి బదులు పసుపు ఛాయ గలవానిని కోరవలెను. డబ్బాపై కెల్విను అంకె ముద్రింపబడి యుండును. అది 3,000 గాని అంతకు తక్కువ గాని యున్న మేలు. నీలి వెలుగు గాలిలో ఎక్కువగా చెదరి ఆకాశమును వెలిగించును.

నాలుగు: దీపములు పగలు వెలుగుచుండకుండ స్విచ్చి ఏర్పాటు చేయవలెను. చెరువు కట్ట, పొలము వంటి జనసంచారము లేని చోట్ల దీపము నిజముగా కావలెనా యని ప్రశ్నింపవలెను.

ఇట్టి పని మన దేశమున జరిగి యున్నది. లడఖ్‌లోని హాన్లే ప్రాంతమును 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రదేశముగ ప్రకటించిరి. అచ్చటి గ్రామస్థులకే దూరదర్శినులనిచ్చి శిక్షణ నొసగిరి. యాత్రికులకు వారు ఆకాశమును చూపుచు ఆదాయము పొందుచున్నారు. మహారాష్ట్రమందలి పెంచ్ పులుల అభయారణ్యము 2024లో ఇట్టి గుర్తింపు పొందినది. మన వైపున 1213లో నిర్మింపబడి, 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడిన రామప్ప దేవాలయమును చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. పగలు శిల్పమును చూచినవారికి రాత్రి ఆకాశమును చూపగల పల్లెలు ఆ చుట్టుప్రక్కల ఇంకను కలవు.

ఉగాది వారములో ఒక రాత్రి

ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అమావాస్య మరునాడు. కావున ఆ వారమున చంద్రుడు త్వరగా అస్తమించును, లేదా కనబడడు. ప్రతి యేడును మన సంవత్సరాది చీకటి రాత్రులతోనే మొదలగును. ఆ వారమున ఒక రాత్రి పాఠశాల మైదానమున గాని కళ్ళమున గాని పిల్లలను, పెద్దలను సమావేశపరచుడు. స్థలమును పగలే చూచి, ముళ్ళు, రాళ్ళు తీయించి, దగ్గరలో ఒర లేని బావి లేకుండ చూచుకొనుడు. మైదానము చుట్టునున్న దీపములను మాత్రము ఒక గంటసేపు ఆర్పుటకు విద్యుత్ సిబ్బందితో ముందుగ మాటలాడుడు.

కన్ను చీకటికి అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. నడుమ ఒక్కసారి సెల్‌ఫోను వెలిగినను ఆ శ్రమ వ్యర్థమగును. టార్చికి ఎఱ్ఱని కాగితము చుట్టినచో కంటికి భంగము కలుగదు. మొదట పెద్ద రైతులచేత కార్తెల వరుసను చెప్పింపుడు. పిమ్మట బైనాక్యులరుతో కృత్తిక, పుష్యమి గుచ్ఛములను చూపుడు. ఉన్నత పాఠశాలలో గాని కళాశాలలో గాని దూరదర్శిని యున్నచో సప్తర్షుల చెంతనున్న జంట గెలాక్సీలను వెదకుడు. చివరకు, మీ మైదానమునుండి పుష్యమి గుచ్ఛము కంటితో కనబడినదా లేదా యని పంచాయతీ పుస్తకమున వ్రాసి యుంచుడు. మరుసటి ఉగాదికి మరల చూచి వ్రాయుడు. ఈ రెండు మాటలే మీ యూరి ఆకాశపు లెక్కపత్రము.

చెరువును, బంజరును, బాటను కాపాడుట పంచాయతీ ధర్మమని మనమెరుగుదుము. ఊరిమీది ఆకాశము ఏ సర్వే సంఖ్యకును ఎక్కని ఉమ్మడి ఆస్తి. దానిని ఆక్రమించుటకు ఎవ్వరును రానక్కరలేదు. అజాగ్రత్తగా బిగించిన పది దీపములే చాలును. అట్లే దానిని నిలుపుటకును పెద్ద నిధులక్కరలేదు. ఒక తీర్మానము చాలును. ఐదు కోట్ల ఏండ్లు పయనించి వచ్చిన కాంతి మన మైదానమును చేరబోవు చివరి క్షణమున, దానికి త్రోవ విడుచుటయో అడ్డుపడుటయో మీ చేతిలో నున్నది.